చెరువు గట్ల మీది పిల్లలకీ టీకా అందాలి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కోనసీమలో రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఊరు మాది. ఊళ్లో పుట్టిన పిల్లలకి టీకాల లోటు లేదు. ఆశా కార్యకర్త ముందురోజే ఇంటికొచ్చి చెబుతుంది, తల్లులు ఎత్తుకెళ్లి వేయిస్తారు. నా బాధంతా ఊరు దాటాక, గట్ల మీద మకాముల్లో పెరుగుతున్న పిల్లల గురించి.

వాళ్ల అమ్మానాన్నలు ఒడిశా నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి కాపలాకి, మేత పనికి వస్తారు. రొయ్యల పట్టుబడి అయిపోతే ఇంకో చెరువుకి మారిపోతారు. ఇక్కడి జాబితాలో పేరుండదు. సొంతూళ్లో పేరున్నా మనిషి ఉండరు.

మొన్న ఒక మకాంలో ఒకామె పాలిథిన్ కవర్లోంచి పిల్లాడి టీకా కార్డు తీసి చూపించింది. అంతా ఒడియా. ఆరో వారం గడిలో తేదీ ఉంది, ఆ తర్వాతవన్నీ ఖాళీ. పిల్లాడేమో అప్పటికే నడుస్తున్నాడు. ఎందుకు వేయించలేదమ్మా అంటే, మేత వేసే టైమ్‌కే టీకాలు వేస్తారని, ఇన్నాళ్లు ఆగాక మళ్లీ మొదటినుంచి వేస్తారేమోనని వచ్చీరాని తెలుగులో చెప్పింది. ఆగిన చోటినుంచి వేస్తే చాలని ఆమెకి చెప్పినవాళ్లే లేరు. కార్డుని అంత భద్రంగా దాచుకున్న తల్లికి టీకా ఇష్టం లేదని ఎలా అనుకుంటాం?

తట్టు వ్యాపించకుండా ఉండాలంటే నూటికి 95 మందికి రెండు డోసులూ పడాలి. ఊరంతా వేయించుకున్నా, గట్ల మీద మిగిలిన పిల్లల్లో అది సులువుగా పాకుతుంది. ఆ టీకా పొడిలో ద్రావణం కలిపితే 4 గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. అందుకే ఒక్క బిడ్డ కోసం సీసా తెరవడానికి వెనకాడతారు. వచ్చే వారం రమ్మంటే ఊరి బిడ్డ వస్తుంది. మకాం బిడ్డ అప్పటికి ఏ మండలంలో ఉంటుందో! ఒక్కరొచ్చినా సీసా తెరవాలనీ, ఆ వృథాకి టీకాలు వేసే నర్సు ఏఎన్ఎంని సంజాయిషీ అడగకూడదనీ మీరు రాతపూర్వకంగా ఆదేశించాలి.

ఇది చేయలేని పనేం కాదండీ. పల్స్ పోలియోకి చుక్కల మందు డబ్బా పట్టుకుని ఇటుక బట్టీలకీ, పంటు ఎక్కే రేవులకీ వెళ్లారు కాబట్టే 2014 మార్చిలో మన దేశానికి పోలియో రహిత ధ్రువపత్రం వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో మిషన్ ఇంద్రధనుష్ మొదలైంది కూడా ఇలా తప్పిపోయిన పిల్లల కోసమే.

నెలకొక్కసారైనా, మేత పని లేని వేళ చూసి, గట్టు మీదే టీకాలు వేయించండి. కొత్త కుటుంబం దిగగానే చెరువు గుమాస్తా ఆశా కార్యకర్తకి ఫోన్ చేసే ఏర్పాటు చేయించండి. బిడ్డ పేరు టీకాలు నమోదు చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ యూ-విన్‌లో ఎక్కిస్తే తర్వాతి డోసు ఎక్కడున్నా వేయించుకోవచ్చు. లంక గ్రామాల్లో మాత్రం జూలైలో గోదారి పోటెత్తకముందే ఇదంతా జరగాలి. వరదొస్తే దారే ఉండదు.

మా మండలంలో ఎప్పుడు మొదలుపెడతారో చెప్పండి. ఏ మకాంలో ఎంతమంది పిల్లలున్నారో రైతులమే తిరిగి రాసిస్తాం.

ఇట్లు,
కోనసీమ రొయ్యల రైతు