కార్యదర్శి వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

వినాయక చవితి, బతుకమ్మ, ఉగాది ఎప్పటిలాగే బాగా జరిగాయి. టెంట్లు, మైకు ఖర్చు భరించిన దాతలకు, వంటల దగ్గర నిలబడ్డ మహిళా విభాగానికి, పందిరి విప్పి నేల ఊడ్చేదాకా ఉన్న మూడో వీధి కుర్రాళ్లకు కృతజ్ఞతలు.

గర్వంగా చెప్పుకోవాల్సింది మంచినీళ్ల సర్కిల్ గురించి. జపాన్‌లో 1962లో పుట్టిన క్వాలిటీ సర్కిళ్లు (పనిచేసేవాళ్లే కలిసి కూర్చుని తమ పనిలో సమస్యలు వెతికి సరిదిద్దుకునే బృందాలు) మన దేశంలో మొదలైంది 1980లో, మన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లోనే. మనలో చాలామంది అక్కడ సర్కిళ్లలో కూర్చుని రిటైరైనవాళ్లమే. కాలనీకి వచ్చేసరికి మాత్రం, చివరి వీధి నీళ్లు వాసనొస్తే "పంప్ ఆపరేటర్‌ని మార్చండి" అనడమే అలవాటు. ఈసారి ఆ ఆపరేటర్‌నే సర్కిల్‌లో కూర్చోబెట్టాం. చివరి వీధి గృహిణులూ వచ్చారు. ఎవరు అని కాదు, ఎందుకు అని అడుగుతూ, కారణాలన్నీ ముళ్లలా విడదీసి చూపే చేపముల్లు బొమ్మ గీశాం.

చివరి కుళాయిలో మిగులు క్లోరిన్ (క్రిములను చంపాక ఇంకా నీళ్లలో మిగిలేది) లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. క్లోరిన్ ఉంటే నీళ్లను పసుపు చేసే ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే, మన నీళ్లకు ఆ రంగే రాలేదు. "బ్లీచింగ్ పౌడర్ రోజూ వేస్తున్నా సార్" అన్నాడు ఆపరేటర్. నిజమే, వేస్తున్నాడు. కానీ మోటారు గదిలో బ్లీచింగ్ బస్తా మూతి విప్పే ఉంటుంది. తేమకు గడ్డకట్టి పౌడర్‌లో క్లోరిన్ పస పోయింది. మూత డబ్బా కావాలని అతను రాసిన చీటీ పాత ఫిర్యాదుల రిజిస్టర్‌లో దొరికింది! దానికితోడు డ్రైన్ పక్క వాల్వు జాయింటు కారుతోంది. సప్లై ఆగగానే పైపు మురుగును లోపలికి లాక్కుంటోంది.

ఇప్పుడు మూత డ్రమ్ము వచ్చింది. ప్రతి శనివారం చివరి కుళాయి దగ్గర పరీక్ష చేసి, ఫలితం ఆపరేటరే బోర్డు మీద రాసి సంతకం పెడుతున్నాడు. ట్యూబులో పసుపు తేలడం చూడ్డానికి పిల్లలు మూగుతున్నారు.

వాల్వు మార్చమని సంబంధిత కార్యాలయానికి అర్జీ మీద అర్జీ పెట్టాం. "పరిశీలిస్తాం" అన్నారు, ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు. చివరికి సంఘం డబ్బుతోనే మార్పించాం. వాట్సాప్‌లో బొటనవేళ్లు చూపించిన సభ్యుల్లో గొయ్యి దగ్గరికి వచ్చినవాళ్లు బహు తక్కువ.

ఆడిట్ అయిన జమాఖర్చులు నోటీసు బోర్డులో ఉన్నాయి. చందా బకాయిల జాబితా కూడా పక్కనే ఉంది.

శనివారం పరీక్షకు చివరి వీధి తప్ప ఇంకే వీధి నుంచీ పేర్లు రాలేదు. కోశాధికారి గారి దగ్గర కాగితం ఉంది, ఇవాళే రాయండి. భోజనాలు ఆ తర్వాతే.

భవదీయుడు,
కార్యదర్శి