ఇక మీదట ఏ కాలం కిట్ ఆ కాలంలోనే

అందరికీ నమస్కారం. ఇంటి అలంకరణలు చేత్తో చేసుకోవడానికి నేను పంపే కిట్లన్నిటినీ ఏడాది పొడవునా అమ్మే పద్ధతిని ఈ వానాకాలంతో ఆపేస్తున్నాను. ఎండాకాలం కిట్ ఎండల్లో, వానాకాలం కిట్ వానల్లో, చలికాలం కిట్ చలి మొదలయ్యాక మాత్రమే పంపుతాను. ఎండుపూల రింగ్ కిట్, అంటే తీగ రింగ్‌కు ఎండిన పూలు కట్టి గోడకు తగిలించేది, ఎందుకు కనిపించడం లేదని చాలామంది అడిగారు. అందరికీ కలిపి ఇక్కడే చెబుతున్నాను.

ఎండిన పువ్వు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ముసురు పట్టిన రోజుల్లో దాన్ని కట్టి గోడకు తగిలిస్తే ముందు రేకులు మెత్తబడతాయి, తర్వాత పువ్వు తల వాలుస్తుంది, చివరికి తెల్లగా బూజు పడుతుంది. అందులో పువ్వు తప్పూ లేదు, కట్టిన చేతి తప్పూ లేదు. ఆ పనికి అది కాలం కాదు, అంతే. మీరు సెలవు రోజంతా కూర్చుని ఇష్టంగా చేసుకున్నది నెల తిరక్కుండా చెత్తబుట్టలో పడుతుందని తెలిసి కూడా అమ్మడం నాకు మనస్కరించదు. దీనివల్ల కొన్ని నెలలు ఆర్డర్లు తగ్గుతాయి. తగ్గినా ఫర్వాలేదనుకునే ఈ నిర్ణయం తీసుకున్నాను.

పూలు ఎండబెట్టడానికి ఎండాకాలమే మంచిది. కానీ పూలను ఎండలో పెట్టకూడదు, రంగు వెలిసిపోతుంది. గాలి ఆడే చీకటి గదిలో తలకిందులుగా వేలాడదీయండి. రెండు మూడు వారాల్లో గలగలమనేలా ఎండుతాయి. కట్టను దారంతో కట్టకండి, రబ్బరు బ్యాండు వేయండి. ఎండేకొద్దీ కాడలు సన్నబడతాయి. దారం వదులై పూలు ఒక్కొక్కటే జారిపోతాయి, రబ్బరు బ్యాండు మాత్రం కాడలతో పాటే బిగుసుకుంటుంది. ఒక్కో కట్టలో ఏడెనిమిది కాడలు చాలు, ఎక్కువ కుక్కితే మధ్యలో గాలి ఆడక కుళ్లుతాయి. కోడిజుట్టు పూలు, గడ్డి కంకులు, సగం విచ్చిన గులాబీలు బాగా నిలుస్తాయి. పూర్తిగా విచ్చిన గులాబీ ఎండే లోపే రేకులు రాల్చేస్తుంది. ఇవన్నీ మీ పెరట్లో ఉంటే నా కిట్ కొనాల్సిన పనే లేదు, రింగ్ ఒక్కటి తీసుకోండి.

ఎండల్లో చేసే వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సయనోటైప్, అంటే ఎండతో వేసే నీలి ముద్ర. దీన్ని 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టారు. మరుసటి ఏడాదే అన్నా అట్కిన్స్ అనే వృక్షశాస్త్రజ్ఞురాలు సముద్రపు నాచు నమూనాలను ఇలా ముద్రించడం మొదలుపెట్టారు. ఎండకు రంగు మారే మందు పూసిన కాగితాలు ఎండాకాలం కిట్‌లోనే ఉంటాయి. నీడలో కాగితం తీసి, పైన ఒక ఆకు పరిచి, కదలకుండా గాజు పలక పెట్టి ఎండలోకి తీసుకెళ్లండి. పసుపుపచ్చగా ఉన్న కాగితం మీ కళ్ల ముందే నీలంగా, ఆ తర్వాత బూడిద రంగులోకి మారుతుంది. అప్పుడు లోపలికి తెచ్చి నీళ్లలో కడిగితే ఆకు ఉన్న చోట పసుపు వదిలి తెల్లగా తేలుతుంది, చుట్టూ నీలం నిలుస్తుంది. పలచటి ఆకైతే దాని ఈనెల గీతలు కూడా పడతాయి. మొదటి రోజు నీలం లేతగా ఉందని కంగారు పడకండి, మర్నాటికి గాలి తగిలి ముదురుతుంది. ఫ్రేమ్ కట్టించాక నేరుగా ఎండ పడే గోడకు మాత్రం వద్దు.

వానాకాలానికి తడి వల్ల చెడనివే ఎంచుకున్నాను: గాజు సీసాలు, గులకరాళ్లు, నూలు తాడు. సీసాలో మనీప్లాంట్ పెంచేటప్పుడు కణుపు కింద కోసి, ఆ కణుపు నీళ్లలో మునిగేలా పెట్టాలి. వేళ్లు వచ్చేది అక్కడి నుంచే. రంగు సీసా అయితే లోపల నాచు తక్కువ పడుతుంది. ఆ సీసాను వేలాడదీయడానికి తాడుతో అల్లే వల కూడా ఈ కిట్‌లోనే ఉంది. తాడు కొలత దగ్గరే చాలామంది ఆగిపోతారు. అల్లిక ఎంత పొడవు కావాలో దానికి నాలుగింతలు కోయండి, మధ్యకు మడిచి కట్టేదైతే ఎనిమిదింతలు. కాస్త మిగిలినా నష్టం లేదు, తక్కువ పడితే మాత్రం మళ్లీ మొదటికి రావాలి.

చలికాలం కిట్‌లో పైన్ కాయలు, కాగితపు నక్షత్రాలు, చిన్న ఎల్ఈడీ దీపాల తీగ ఉంటాయి. పైన్ కాయ పొలుసులో రెండు పొరలుంటాయి. తడి తగిలితే బయటి పొర ఎక్కువగా ఉబ్బి కాయ ముడుచుకుంటుంది, ఆరితే మళ్లీ విచ్చుకుంటుంది. మూసుకున్న కాయలు వచ్చాయంటే పాడైనవి వచ్చాయనుకోవద్దు, పొడిగా ఉన్న చోట కొన్ని రోజులు ఉంచండి చాలు. నక్షత్రాల కాగితాన్ని మడిచే ముందు నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూడండి. ఒక వైపు తేలిగ్గా వంగుతుంది. అటు మడిస్తే గీత శుభ్రంగా వస్తుంది, రెండో వైపు మడిస్తే అంచు చిట్లుతుంది. ఎండిన వాటి మధ్య కొవ్వొత్తి మాత్రం దయచేసి పెట్టకండి, ఎంత అందంగా ఉన్నా సరే.

మెరుపుల పొడి, అంటే గ్లిట్టర్, ఇక ఏ కిట్‌లోనూ ఉండదు. అది సన్నటి ప్లాస్టిక్. ఊడ్చినా పూర్తిగా పోదు, కడిగితే కాలువలోకి వెళ్తుంది. యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబర్ నుంచి విడిగా అమ్మే ప్లాస్టిక్ గ్లిట్టర్‌ను నిషేధించింది కూడా. మెరుపు లేకపోతే పిల్లలు ఒప్పుకోరని కొందరు అన్నారు. పైన్ కాయ పొలుసుల అంచులకు స్పాంజితో తెల్ల రంగు అద్దించి చూడండి. మంచు పడినట్టు వస్తుంది, పిల్లల చేతికి పని కూడా దొరుకుతుంది.

జిగురును వేడితో కరిగించి అతికించే గ్లూ గన్ గురించి ఒక మాట. మధ్యాహ్నం ఎండ తగిలే కిటికీ దగ్గర ఆ జిగురు మెత్తబడి అతికించినవి ఊడిపోతాయి. అలాంటి చోట తగిలించేదైతే సన్నటి తీగతో కట్టండి. తక్కువ వేడి గన్ అయినా చర్మం కాలుతుంది, కాబట్టి పిల్లలు చేస్తుంటే జిగురు పని పెద్దవాళ్లే చూసుకోవాలి.

ఏడాది ప్యాక్‌కు ముందే డబ్బు కట్టిన వాళ్లకు టెన్షన్ అక్కర్లేదు. మూడు కిట్లూ ఆయా కాలాల మొదట్లో మూడు పార్సిళ్లుగా వస్తాయి, అదనపు పోస్టేజీ నాదే. అలా వద్దనుకుంటే రాయండి, మిగిలిన కిట్ల డబ్బు తిరిగి పంపిస్తాను. మూడు కాలాలకూ ఒకే తీగ రింగ్ సరిపోతుంది కాబట్టి పాతది ఉన్నవాళ్లు ఆర్డర్‌లో ‘రింగ్ వద్దు’ అని రాస్తే ఆ మేరకు ధర తగ్గిస్తాను. వానాకాలం కిట్ల ప్యాకింగ్ మొదలైంది, వచ్చే వారం నుంచి బయలుదేరతాయి.