నా దారాలకు వారసులు కుదిరారు

ముందుగా ఒక మాట. నేను కులాసాగానే ఉన్నాను. "నేను పోయాక నా అల్లికల సామాను ఎవరికివ్వాలి?" అని నలుగురినీ అడిగేసరికి, రిపోర్టుల్లో ఏమొచ్చిందోనని ఫోన్ల మీద ఫోన్లు. రిపోర్టులేం లేవండీ. అరవై ఎనిమిదో ఏడు నడుస్తోంది, బీరువా నిండిపోయింది, అంతే. కానీ అడిగినందుకు ఇంతమంది కదిలొచ్చి పని పూర్తి చేసి పెడతారని అనుకోలేదు. అందరికీ విడివిడిగా చెప్పడం కుదరక ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయొద్దని కొందరన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరికి వాళ్లకు తెలిసిపోతుంది.

ఈ ఆలోచన ఎందుకొచ్చిందంటే, మా వదినగారు పోయినప్పుడు పన్నెండో రోజు దాటగానే ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆవిడ చేతి లేసు చూసినవాళ్లు మర్చిపోరు. ఆ సూదులు, దారపు ఉండలు, సగం అల్లిన టేబుల్ క్లాతు అన్నీ పాత పేపర్లతో కలిసి తూకానికి వెళ్లిపోయాయి. పిల్లల్ని ఏమీ అనను. ఏది పనికొచ్చేదో, ఏది కాదో చెప్పగలిగిన ఒక్క మనిషీ ఆవిడే కదా.

మొదటి కృతజ్ఞతలు మా మూడో అంతస్తు లాయరమ్మకి. ఉన్నివుండల కోసం వీలునామా రాయిస్తారా అని నవ్వకుండా, కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుందట, స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ మన ఇష్టం. కాకపోతే 1925 నాటి వారసత్వ చట్టం ప్రకారం కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. వస్తువులు పుచ్చుకునేవాళ్లనే సాక్షులుగా పెట్టకండి, రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా ఉంటుంది అంది. ఆ తర్వాత అసలు మాట చెప్పింది. "ఆంటీ, ఇలాంటి సామానుకి వీలునామా దాకా ఎందుకు? బతికుండగా చేతిలో పెట్టేస్తే అదే దానం, కాగితమే అక్కర్లేదు. చివరిదాకా మీరు వాడుకునేవాటికి మాత్రం రాయండి." అలాగే చేశాను. ఫీజు అడిగితే రెండు టీ కోస్టర్లు అల్లిమ్మంది. ఆరు ఇచ్చాను.

సామాను సర్దడానికి వచ్చిన ఇద్దరు డిగ్రీ పిల్లల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎంబ్రాయిడరీ దారాలు రంగుల వారీగా పెట్టేద్దాం అనుకుంటే, వాళ్లు నంబర్ల వారీగా పెట్టారు. కొత్తవాళ్లకు నంబరే ముఖ్యం, డిజైన్ కాగితాల మీద ఉండేది నంబరే. నా దగ్గర రెండు కంపెనీల దారాలున్నాయి, డీఎంసీవీ ఉన్నాయి, యాంకర్‌వీ ఉన్నాయి, రెండింటి లెక్కలూ వేరు. నలుపు డీఎంసీలో 310, యాంకర్‌లో 403. లేబుళ్లు ఊడిపోయిన ఉండలు ఏ దారంవో తేల్చడానికి కొస కాల్చి చూశాం. నూలైతే కాగితం కాలినట్టు కాలి బూడిదవుతుంది, అసలు ఉన్నైతే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, యాక్రిలిక్ అనే కృత్రిమ ఊలైతే కరిగి గట్టి పూసలా తయారవుతుంది. వంటింట్లో ఆ వాసనకి మావారు బాల్కనీలోకి పారిపోయారు.

పాత నూలుదారం కూడా మూరెడు లాగి చూశాం. చటుక్కున తెగితే చెత్తబుట్టలోకే. ఇందులో నేను ఒకటి రెండుసార్లు పోట్లాడాను. అందులో కొన్ని మా అమ్మ కొన్నవి. "తెగే దారం ఇస్తే పుచ్చుకున్నవాళ్లు మిమ్మల్ని తిట్టుకుంటారు అమ్మమ్మా" అని చిన్నది నిర్మొహమాటంగా అనేసింది. ఆ పిల్ల బాగుపడుతుంది.

ఇక పాలకొల్లు వైపు మా పిన్నికి, ఆవిడ వెంట వచ్చిన లేసు ఆడవాళ్లకి. మా అమ్మది ఒక అట్టల పుస్తకం ఉంది. ప్రతి అట్ట మీదా జానెడు లేసు నమూనా కుట్టి ఉంటుంది, పక్కన ఒక్క అక్షరం ముక్క ఉండదు. నేనూ నరసాపురం తాలూకాలో పుట్టినదాన్నే, అయినా సగానికి పైగా నమూనాలు నాకు అంతుపట్టలేదు. అక్కడ లేసు పని ముక్కలుగా సాగుతుంది. ఏజెంటు దారం ఇస్తాడు, ఒకరు పువ్వులే అల్లుతారు, ఇంకొకరు అతుకుపని చేస్తారు. జీవితమంతా లేసు అల్లినా పూర్తి దుప్పటి ఒక్కటీ తన చేత్తో చేయని ఆడవాళ్లు ఉన్నారు. స్కాట్లాండ్ మిషనరీలు పంతొమ్మిదో శతాబ్దంలో నేర్పిన పని అది. 2024లో నరసాపురం లేసుకి, ఇది ఆ ప్రాంతపు ప్రత్యేక వస్తువు అని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, బాగుంది. గుర్తింపు పేరుకి వచ్చింది గానీ, కూలి ఎంత పెరిగిందని అల్లేవాళ్లని అడిగితే నవ్వి ఊరుకున్నారు.

వాళ్లు మా ఇంట్లో చాప మీద కూర్చుని అట్టలు ఒకరి చేతి నుంచి ఒకరికి మార్చుకుంటూ, వేలితో చైన్లు, అంటే గొలుసు కుట్లు, లెక్కపెట్టి, అప్పటికప్పుడు అల్లి చూపించారు. పిన్ని చెబుతుంటే నేను రాసుకున్నాను. ఇప్పుడు ప్రతి అట్ట వెనకా లెక్క ఉంది. పుస్తకం ఎవరికన్న దాంట్లో నాకు రెండో ఆలోచన లేదు. మ్యూజియంకి ఇవ్వమన్నవాళ్లు క్షమించాలి, అది పిన్ని కోడలికి ఇచ్చేశాను. అద్దాల వెనక పెడితే ఎవరు లెక్కపెడతారు? ఫొటోలు మాత్రం తీసి ఉంచాం, కావాలన్నవాళ్లకి పంపుతాను.

మా కోడలికి ప్రత్యేకంగా. "అత్తయ్యా, నాకు కుట్టడం రాదు, నేర్చుకోను కూడా. ఇవన్నీ ఇక్కడికి తెచ్చి గరాజ్‌లో పెట్టి అపరాధభావంతో బతకలేను" అంది. నిజం చెప్పాలంటే ఒక్కపూట మనసు చివుక్కుమంది. తర్వాత హాయిగా అనిపించింది. మొహమాటానికి సరేనని ఉంటే అన్నీ ఆమె నెత్తిన పడేవి. అడిగింది ఒక్కటే, నేను రోజూ వాడే లేసు సూది. కాగితంలో అది రాశాను.

సగంలో ఆగిన పనుల సంగతి ఎవరూ అడగరు గానీ అవే పెద్ద చిక్కు. మా స్కూల్లో నాతో పాటు పనిచేసిన తెలుగు టీచరు వచ్చి, వాటిని ఒక్కొక్కటే సంచిలో పెట్టించి, దారం నంబరూ సూది సైజూ చీటీ రాయించింది. పూర్తి చేయగలిగినవి తను తీసుకుంటానంది. మిగతావాటి చీటీల మీద "విప్పేసి దారం వాడుకోవచ్చు, నాకేమీ బాధలేదు" అని రాసి సంతకం పెట్టాను. ఆ అనుమతి లేకపోతే పిల్లలు విప్పనూ లేరు, పారేయనూ లేరు.

కుట్టుమిషన్ మా వీధి చివర బ్లౌజులు కుట్టే అమ్మాయికి ఇప్పుడే ఇచ్చేశాను. ఆటోలో ఎక్కించి, మెట్లు మోసి, నూనె వేసి, బెల్టు మార్పించి ఇచ్చిన వాచ్‌మన్ బాబుకి, అతని తమ్ముడికి కృతజ్ఞతలు. మొన్న నా జాకెట్టు ఆ మిషన్ మీదే కుట్టించుకున్నాను. పూర్తి కూలీ తీసుకుంది, తీసుకోవాల్సిందే.

నలభై ఏళ్లుగా బీరువాలో తన చొక్కాలకు ఒక్క అరతో సరిపెట్టుకున్న మావారికి కూడా చెప్పాలి. ఇప్పుడు రెండు అరలు ఖాళీ అయ్యాయి. ఒకటి ఆయన ఆక్రమించారు, రెండోదాని మీద చర్చలు నడుస్తున్నాయి.

ఇంకా యాక్రిలిక్ ఊలు రెండు సంచులు, వెదురు సూదులు కొన్ని మిగిలాయి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు ఉన్నవాళ్లు ఎవరైనా అల్లడం నేర్చుకుంటుంటే వచ్చి తీసుకెళ్లండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మాత్రం రాకండి, పడుకుంటాను.