బి కేటగిరీ, ఎన్నారై కోటాల ర్యాంకులు కూడా వేయండి

సంపాదకుల గారికి,

పోయిన వారం మీ పేపర్లో మెడికల్ సీట్ల రిజర్వేషన్ల మీద వచ్చిన ఉత్తరం చదివిన దగ్గర్నుంచి మనసు కుదురుగా లేదు, రోజూ రాద్దామనుకుని ఇవాళ్టికి కూర్చున్నా. తక్కువ ర్యాంకోళ్లు డాక్టర్లయితే రోగుల గతేంటని ఆయన బాధ. మరి తెలంగాణ ప్రైవేట్ మెడికల్ కాలేజీల్లో సగం సీట్లే తక్కువ ఫీజుండే కన్వీనర్ కోటా, 35 శాతం బి కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా, 15 శాతం ఎన్నారై. కన్వీనర్ సీటుకి ఏళ్ల తరబడి ఏడాదికి 60 వేలు, బి కేటగిరీకి పది లక్షల పైమాటే. నీట్ క్వాలిఫై అయి అంత కట్టగలిగితే వెనక ర్యాంకుకీ సీటొస్తుంది, దాన్ని మాత్రం ఎవరూ రిజర్వేషన్ అనరు. 2023లో సీట్లు మిగులుతున్నాయని ఎంబీబీఎస్ అయ్యాక రాసే నీట్ పీజీ కటాఫ్ అన్ని కేటగిరీలకీ జీరో పర్సంటైల్ చేశారు, అంటే పరీక్ష రాసినవాళ్లంతా అర్హులే. అప్పుడు రోగులు ఎందుకు గుర్తురాలేదు? 2024లో పంజాబ్‌ వాళ్లు దూరపు చుట్టాలకి కూడా ఎన్నారై కోటా ఇస్తామంటే ఇది మోసమని సుప్రీంకోర్టే తిట్టి పంపింది.

నేను ఓసీనే. మా అబ్బాయికి రెండేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్ పెట్టించా, ఏసీ హాస్టల్, ప్రతి ఆదివారం క్యారియర్ కట్టుకుని పోయేవాళ్లం, వాడికి చదవడం తప్ప వేరే పని లేదు. మా వీధి చివర ఇస్త్రీ బండాయన కూతురు గురుకులంలో చదివింది, సెలవులకొస్తే బండి దగ్గరే ఉండేది, మడతపెట్టిన బట్టల మీద బయాలజీ పుస్తకం తెరిచిపెట్టుకుని చొక్కాలకి బొత్తాలు పెడుతూ చదివేది. ఆ పుస్తకం మావాడు పక్కన పడేసిందే. ఇద్దరికీ మార్కుల్లో పెద్ద తేడా లేదు. ఉన్న ఆ కాస్త తేడా మెరిటా, నేను కట్టిన ఫీజా? 2019లో 8 లక్షల లోపు ఆదాయమున్న ఓసీలకి 10 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు మెరిట్ పోతుందని మా చుట్టాల్లో ఒక్కరూ అనలేదు.

ఇంత చదివినా ఆ పిల్లకి ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం వాళ్ల నాన్న బండి మూసుకుని మూడు రోజులు ఆఫీసు చుట్టూ తిరిగాడు, ఒకరోజు సార్ మీటింగ్‌లో ఉన్నారు, ఒకరోజు సర్వర్ డౌన్, కౌన్సెలింగ్ గడువేమో తరుముకొస్తోంది. సీటొచ్చాకైనా సుఖముందా అంటే, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కోర్సు అయిపోయిన పిల్లల సర్టిఫికెట్లు కాలేజీలు ఆపుతున్నాయి. దీనిమీద ఏ అధికారీ నోరు విప్పడు.

ఈసారి కౌన్సెలింగ్ అయ్యాక రిజర్వేషన్ సీట్ల ఆఖరి ర్యాంకుల పక్కనే బి కేటగిరీ, ఎన్నారై సీట్ల ఆఖరి ర్యాంకులు, వాటి ఫీజులు కూడా వేయండి.

- ఒక బ్యాంకు ఉద్యోగి, హనుమకొండ