మంత్రి గారూ, ఆటల పీరియడ్ పిల్లలకే ఉంచండి

విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. నేను చిన్న తరగతుల టీచర్ని. పరీక్షలు దగ్గరపడితే టైమ్‌టేబుల్‌లోంచి ముందు ఎగిరిపోయేది ఆటల పీరియడ్, దాని వెనకే డ్రాయింగ్. సిలబస్ అవ్వలేదని ఎవరో ఒకరు అడుగుతారు, ఇచ్చేస్తాం. నేనూ చాలాసార్లు అలా తీసుకున్నదాన్నే. "ఇవాళ ఆటల్లేవు, పుస్తకాలు తియ్యండి" అనగానే ఆ మొహాలు ఎలా వాడిపోతాయో దగ్గర నుంచి చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

ఆట అంటే చదువుకి కాసేపు సెలవు అని మీ శాఖలో ఎవరైనా అనుకుంటుంటే, వాళ్లని ఒక్కసారి నేల మీద కూర్చుని నాలుగేళ్ల పాపని గమనించమనండి. చెక్కముక్క చెవికి ఆనించుకుని "హలో" అంటుంది. అది ఫోన్ కాదని తనకి బాగా తెలుసు. అయినా ఒక వస్తువు ఇంకోదానికి బదులుగా ఉండొచ్చని తనంతట తనే ఒప్పుకుంది. రేపు పలక మీద 'క' అనే గీత ఒక శబ్దానికి బదులుగా ఉంటుందని అర్థం కావాలంటే కావలసింది ఇలాంటి తెలివే కదా! లెవ్ వైగోట్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కర్రని గుర్రం చేసుకుని ఆడే పిల్లల గురించి రాసింది కూడా ఇదే, వస్తువునీ దాని అర్థాన్నీ విడదీసి చూడటం పిల్లలకి ఆ ఆటలోనే అలవాటవుతుందని.

బొమ్మలు గీయడం సంగతి చూడండి. సుమారు మూడేళ్లకి పిచ్చిగీతల్లోంచి ఒక గుండ్రం పుడుతుంది, మొదలుపెట్టిన చోటికే గీత తిరిగొచ్చి కలుస్తుంది. ఆ చేతికి అదెంత పెద్ద పనో! కొన్నాళ్లకి ఆ గుండ్రంలో రెండు కళ్లు వస్తాయి, కింద రెండు కాళ్లు వేలాడతాయి, పొట్ట మాత్రం ఉండదు. "ఇది అమ్మ" అని చూపిస్తారు. మనమేమో "పొట్ట ఏదిరా?" అని దిద్దుతాం, లేకపోతే అచ్చువేసిన సీతాకోకచిలుక చేతికిచ్చి గీత దాటకుండా రంగులేయమంటాం. గోడ మీద ముప్ఫై సీతాకోకచిలుకలు, అన్నీ ఒకటే. వాటిలో ఏది ఎవరిదో చెప్పడం నా వల్ల కాదు. అదే ఖాళీ కాగితం ఇచ్చి చూడండి, పేరు రాయకపోయినా ఎవరు గీశారో చెప్పేస్తాను.

లెక్కలకి టైమ్ చాలదు అనేవాళ్లకి ఒక విషయం చెప్పాలి. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల చిన్నపిల్లల చేత 1 నుంచి 10 దాకా గళ్లు వరసగా ఉన్న ఒక ఆట ఆడించారు, రెండు వారాల్లో నాలుగే నాలుగు సార్లు, ఒక్కోసారి పావుగంటకి కాస్త అటూ ఇటూగా. అంకెలు గుర్తుపట్టడం, లెక్కపెట్టడం, ఏది పెద్దదో చెప్పడం, అన్నీ మెరుగయ్యాయి. తొమ్మిది వారాల తర్వాత చూసినా ఆ తేడా నిలిచే ఉంది. అంకెల బదులు రంగుల గళ్లతో ఆడిన పిల్లల్లో అది రాలేదు. అంటే ఏ ఆటైనా ఒకటే అని కాదు, ఆలోచించి ఎంచుకున్న ఆట పాఠం చేసే పనే చేస్తుంది, అదీ పిల్లలకి టెన్షన్ లేకుండా.

ఇవేమీ కొత్త మాటలు కావు. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ చిన్నపిల్లల బడి మొదలుపెట్టింది 1837లో, అక్కడ చదువంటే చెక్కదిమ్మెలు, పాటలు, తోటపని. ఆ దిమ్మెలతో చిన్నప్పుడు ఆడుకున్న ఫ్రాంక్ లాయిడ్ రైట్ పెద్దయి గొప్ప ఆర్కిటెక్ట్ అయ్యాక కూడా వాటిని తలుచుకునేవాడు. ఇక 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 31వ అధికరణం ఆటని, కళల్లో పాల్గొనడాన్ని పిల్లల హక్కు అంటుంది. హక్కు అన్నాక సిలబస్ మిగిల్చిన టైమ్‌లో ఇస్తే సరిపోతుందా అండీ?

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇంకొకటి. డబ్బున్న ఇళ్ల పిల్లలు బడి అయ్యాక డాన్సుకి, డ్రాయింగ్‌కి, ఈతకి వెళ్తారు. లేనివాళ్లకి రంగులు దొరికేది బడిలోనే, ఆ ఒక్క పీరియడ్‌లోనే. దాన్ని మనం లాక్కున్నప్పుడు పోయేది ఎక్కువగా వాళ్లకే.

అందుకే అడుగుతున్నాను. వచ్చే ఏడాది టైమ్‌టేబుల్ ఉత్తర్వులో ఒక్క వాక్యం రాయించండి: ఆటల పీరియడ్‌నీ బొమ్మల పీరియడ్‌నీ ఏ కారణంతోనూ వేరే సబ్జెక్టుకి వాడకూడదు అని. తనిఖీకి వచ్చేవాళ్లు నోట్‌బుక్కులతో పాటు పిల్లలు గీసిన కాగితాలు కూడా అడిగి చూడాలి. దయచేసి వాటికి మార్కులు మాత్రం పెట్టొద్దు, మార్కులొచ్చిన రోజు నుంచి పిల్లలు పక్కవాడి కాగితంలోకి చూసి గీస్తారు. తెల్లకాగితాలు, మట్టి, నాలుగు రంగులు, కొన్ని చెక్కదిమ్మెలు ప్రతి తరగతికీ అందేలా చూడండి, మిగతాది పిల్లలే చూసుకుంటారు.

ఆ ఒక్క వాక్యం చేతిలో ఉంటే, పరీక్షల ముందు ఎవరైనా "ఈ పీరియడ్ నాకిస్తావా" అని అడిగినప్పుడు, ఇవ్వనని చెప్పే ధైర్యం నాలాంటి వాళ్లకి వస్తుంది.

ఇట్లు,
చిన్న తరగతుల టీచర్