అమ్మలూకి, చిల్లీ చికెన్ గురించి

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటో చూశాం. కింద చిల్లీ చికెన్ అని రాశావు కాబట్టి సరిపోయింది గానీ లేకపోతే మీ అమ్మ కోడి పులుసే అనుకునేది. ముక్కలేమో తెల్లగా, అడుగున నీళ్ళు, క్యాప్సికం ఉడికిపోయి మెత్తగా. ఫోన్లో చెప్తే సగం విని సగం ఊ ఊ అంటావు, అందుకే రాస్తున్నా. పెద్దగానే ఉంటుంది, వండే రోజు పొద్దున మళ్ళీ ఓసారి చదువుకో.

అసలేం జరిగి ఉంటుందంటే, ప్యాకెట్ మొత్తం ఒకేసారి ప్యాన్లో వేసి ఉంటావు. ఆ కరెంటు పొయ్యికి అంత సత్తా లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసం అంత పడేసరికి ప్యాన్ చల్లారిపోతుంది, ముక్కల్లోంచి నీరు ఊరుతుంది, ఆ నీటిని ఆవిరి చేసేంత వేడి లేదు కాబట్టి ముక్కలు అందులోనే ఉడుకుతాయి. మన కోడికూరకైతే అదే కావాలి, నీరు ఊరాలి, మూత పెట్టాలి, ఆ నీట్లో మసాలా ముక్కకి పట్టాలి. చైనా పద్ధతి దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. మనం కూర పొయ్యి మీద పెట్టాకే ఆలోచించడం మొదలెడతాం, ఉప్పు సరిపోయిందా, ఇంకాస్త కారం పడుద్దా, కొత్తిమీర ఉందా లేదా అని, టైముంటుంది కాబట్టి. వీళ్ళ దాంట్లో పొయ్యి మీద ఉండేది ఐదారు నిమిషాలు, మధ్యలో అల్లం తరుక్కుంటా అంటే వెల్లుల్లి మాడిపోద్ది. కాబట్టి పని మొత్తం పొయ్యి వెలిగించక ముందే అయిపోవాలి, నేను చెప్పేదాంట్లో ఇదొక్కటి గుర్తుంచుకున్నా చాలు.

నమ్మకపోతే మన మెయిన్ రోడ్డు మీద ఫాస్ట్‌ఫుడ్ బండి గుర్తు తెచ్చుకో. నేను పార్సిల్ కోసం వెళ్ళినప్పుడల్లా అక్కడే నిలబడి చూస్తుంటా, మీ అమ్మ ఇంట్లో అన్నం పెట్టుకుని కూర్చుని ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటుంది అది వేరే విషయం. ఆ కుర్రాడు సాయంత్రం బండి తీసేసరికే క్యాబేజీ క్యారెట్టు తరిగి గిన్నెల్లో, నూడుల్స్ ఉడకబెట్టి నూనె రాసి ట్రేలో, అన్నం వండి ఆరబెట్టి, చికెన్ ముక్కలు ఒకసారి వేయించి పక్కన, సాసులు మూతకి చిల్లు పెట్టిన సీసాల్లో. బర్నర్ ఏమో జెట్ విమానంలా హోరెత్తుతుంటుంది. మనం ఆర్డర్ చెప్పి ఫోన్‌పే కొట్టేలోపు ప్లేటు చేతిలో ఉంటుంది. అందులో వంట ఎంత, ముందు చేసుకున్న తయారీ ఎంత చూడు. నీకు ఆ బర్నర్ లేదు, అది ఎలాగూ రాదు, అందుకని చికెన్ తగ్గించు. ఒక వాయికి 250 గ్రాములు, అంతకి మించొద్దు. నలుగురికి కావాలంటే రెండు వాయిలు చెయ్యి, బద్ధకించకు. ఇంకోటి, నీ దగ్గరున్నది నాన్‌స్టిక్ అయితే ఖాళీగా పెట్టి పొగలొచ్చే దాకా కాల్చకు, ఆ పూత పాడై మంచిది కాని పొగ వస్తుంది. అడుగు చదునుగా ఉండే కార్బన్ స్టీల్ మూకుడు అక్కడ చైనా వాళ్ళ షాపుల్లో దొరుకుతుంది, ఒకటి కొనుక్కో.

ఇక చికెన్. బ్రెస్ట్ కొనకు, తొడ మాంసం బోన్‌లెస్ తీసుకో, కాస్త ఎక్కువసేపు ఉన్నా పీచులా అవ్వదు. అక్కడ ప్యాకెట్ చికెన్ కుళాయి కింద కడగొద్దు, ఆ నీళ్ళు చింది సింకు నిండా, పక్కనున్న ప్లేట్ల మీదా క్రిములు పడతాయని మీ బ్రిటన్ ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ వాళ్ళే చెప్తారు. ఈ మాట అంటే మీ అమ్మ నా మీద పడింది, పసుపు ఉప్పు వేసి మూడు నీళ్ళు కడగని చికెన్ చికెనేనా అని. మనం ఇక్కడ కళ్ళముందు కొట్టించి తెచ్చుకుంటాం, రక్తం ఈకలు ఉంటాయి, కడుగుతాం. అక్కడ శుభ్రం చేసే ప్యాక్ చేస్తారు, టిష్యూతో అద్ది తడి తీసేస్తే చాలు. తడి ఉంటే మళ్ళీ అదే పులుసు.

ముక్క మెత్తగా జారిపోయేట్టు ఎందుకుంటుంది రెస్టారెంట్లో అని నువ్వోసారి అడిగావు. అది చైనా వాళ్ళ చిట్కా. 250 గ్రాముల ముక్కలకి ఒక స్పూను సోయా సాస్, సగం గుడ్డు తెల్లసొన, రెండు చిన్న స్పూన్ల కార్న్‌ఫ్లోర్, ఒక చిన్న స్పూను నూనె, చేత్తో బాగా పిసికి ఇరవై నిమిషాలు పక్కన పెట్టు. వాళ్ళు ఇంకా కాస్త బియ్యం వైన్ కూడా వేస్తారు, నీ ఇష్టం, మీ అమ్మకి మాత్రం చెప్పకు. ఆ పిండి, సొన కలిసి ముక్క చుట్టూ పల్చటి పొరలా ఏర్పడి లోపలి నీరు బయటికి పోకుండా ఆపుతుంది. ఇది పకోడీ పిండి కాదమ్మా, పూత కనపడీ కనపడనట్టు ఉండాలి. అల్లం వెల్లుల్లి పేస్టు, గరం మసాలా, పెరుగు, ఇవేవీ దీని దగ్గరికి రానివ్వకు. పెరుగు వేసి సోయా సాస్ వేస్తే అది ఏ దేశం వంటా కాదు.

మీ రూమ్మేట్, చైనాలోని చెంగ్దూ నుంచి వచ్చిన ఆ అమ్మాయి, వీడియో కాల్లో చేసి చూపించిందే పల్లీల చికెను, గోంగ్‌బావ్ అంది, అది నాకు భలే నచ్చింది. తర్వాత దాని గురించి కాస్త చదివా. చింగ్ రాజుల కాలంలో చైనాలోని సిచువాన్ రాష్ట్రానికి గవర్నర్‌గా చేసిన డింగ్ బావ్‌జెన్ అనే ఆయన పేరు మీద వచ్చిందట, గోంగ్‌బావ్ అంటే ఆయనకున్న బిరుదు, ఆయన 1886లో పోయాడు, కూర మాత్రం ప్రపంచమంతా తిరుగుతోంది. మావో గారి సాంస్కృతిక విప్లవం రోజుల్లో రాచరికపు వాసనలున్న పేరు అని దాన్ని పిలవనివ్వలేదట కూడా, పల్లీలు వేసిన చికెన్ మీద కూడా రాజకీయమే.

ఆ పిల్ల చేసినట్టే చెప్తున్నా. ముక్కలు పల్లీ కంటే కొంచెం పెద్దగా, అన్నీ ఒకే సైజు. సాస్ ముందే ఒక గిన్నెలో కలిపి పెట్టుకో: లైట్ సోయా ఒక పెద్ద స్పూను, డార్క్ సోయా అర చిన్న స్పూను రంగు కోసం, చైనా నల్ల వెనిగర్ ఒక పెద్ద స్పూను, పంచదార ఒక పెద్ద స్పూను, కార్న్‌ఫ్లోర్ ఒక చిన్న స్పూను, నీళ్ళు రెండు పెద్ద స్పూన్లు. మూకుడు బాగా కాలాక నూనె పోసి మంట కాస్త తగ్గించి ఎండుమిరపకాయలు, సిచువాన్ మిరియాలు వెయ్యి, కొన్ని సెకన్లే, మిరపకాయ ముదురు ఎరుపు తిరగ్గానే చికెన్ వేసి మంట పెంచు. ఒక నిమిషం కదపకు, అంటుకోనీ, తర్వాత తిప్పు. ముక్క తెల్లబడ్డాక తరిగిన అల్లం వెల్లుల్లి, ఉల్లికాడల తెల్ల భాగం, అవి వాసనొచ్చాక సాస్ గిన్నె అడుగు ఒకసారి కలిపి, పిండి కింద కూర్చుండిపోతుంది కదా, పోసెయ్. అర నిమిషంలో చిక్కబడి మెరుస్తుంది. అప్పుడు వేయించిన పల్లీలు వేసి దించెయ్. పల్లీలు ముందే వేస్తే మెత్తబడిపోతాయి. మీ ఫ్లాట్‌లో ఎవరికైనా పల్లీలు పడకపోతే ముందే అడుగు, అది ఆషామాషీ విషయం కాదు.

ఇక్కడ రెండు సంగతులు. ఒకటి, ఆ అమ్మాయి ఎండుమిరపకాయలు గుప్పెడు వేసింది కదా అని నువ్వు అమ్మ పంపిన గుంటూరు మిరపకాయలు గుప్పెడు వెయ్యకు. వాళ్ళవి చాలావరకు మనవాటంత కారం ఉండవు, వాసన కోసం వేసి ప్లేట్లో పక్కకి నెట్టేస్తారు. మనవి నాలుగు చాలు, అవీ గింజలు దులిపి. కాస్త మాడాయంటే ఆ ఘాటుకి దగ్గులు సరే, స్మోక్ అలారం మోగి బిల్డింగ్ మొత్తం రోడ్డు మీదికొస్తుంది. కిటికీ తీసి, ఎగ్జాస్ట్ వేశాకే మొదలుపెట్టు. రెండోది ఆ సిచువాన్ మిరియాలు, పేరుకే మిరియాలు, నిమ్మ కుటుంబానికి చెందిన చెట్టు కాయల తొక్కలు అవి, కారం కాదు, నాలుక మీద చీమలు పాకినట్టు జివ్వుమంటుంది. లోపల నల్ల గింజలుంటే తీసెయ్, ఇసకలా తగుల్తాయి. నిమ్మజాతి తోటలకి తెగులు తెస్తాయని అమెరికాలో వీటిని 1968 నుంచి 2005 దాకా దిగుమతే చేసుకోనివ్వలేదు. మీకక్కడ ఆ బాధ లేదు, ఓ చిన్న ప్యాకెట్ నాకు తెచ్చిపెట్టు వచ్చేటప్పుడు.

ఇక ఆ అమ్మాయి మంచూరియా అంటే ఏంటి అలాంటిది మా దగ్గర లేదే అని నవ్విందని నువ్వు చిన్నబుచ్చుకున్నావు చూడు, దానికి చిన్నబుచ్చుకోవాల్సిన పనే లేదు. ఆ అమ్మాయి చెప్పింది నిజమే, మంచూరియా అనేది చైనాలో ఈశాన్యాన ఉన్న ప్రాంతం, అక్కడ ఈ వంట లేదు. కానీ ఇది దొంగ వంట కూడా కాదు. కలకత్తా దగ్గర 1770ల చివర్లోనే చైనా వాళ్ళు వచ్చి స్థిరపడ్డారు, అచీపూర్ అని ఒక ఊరే ఉంది మొదట వచ్చిన ఆయన పేరుతో, తర్వాత హక్కా అనే చైనా వర్గం వాళ్ళు కలకత్తాలోని టాంగ్రాలో తోలు పరిశ్రమలు పెట్టుకున్నారు, హోటళ్ళూ నడిపారు. అక్కడి మనుషుల నాలుకకి తగ్గట్టు పచ్చిమిర్చి, వెల్లుల్లి పెంచుకుంటూ వచ్చారు. ఆ కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో వండుతూ, మనవాళ్ళు కూరకి వాడే అల్లం వెల్లుల్లి పచ్చిమిర్చే తీసుకుని గరం మసాలా బదులు సోయా సాస్, కార్న్‌ఫ్లోర్ వేశాడు, చికెన్ మంచూరియా అంటే అదీ. చేసింది చైనా మూలాలున్న మనిషి, తిన్నది మనం. ఆ పిల్లకి ఇది చెప్పు, చెప్పి ఒకరోజు వండి పెట్టు.

మంచూరియాకైనా చిల్లీ చికెన్‌కైనా ముక్కని వేయించాల్సిందే, పైన చెప్పిన పల్చటి పూత సరిపోదు. 250 గ్రాములకి ఒక చిన్న గుడ్డు, రెండు పెద్ద స్పూన్ల కార్న్‌ఫ్లోర్, ఒక పెద్ద స్పూను మైదా, మిరియాల పొడి, చిటికెడు ఉప్పు. దీనికి మాత్రం అల్లం వెల్లుల్లి పేస్టు వేసుకో, ఇది మన ఇంటి పిల్లే కదా. నూనెలో కొద్దికొద్దిగా మధ్యస్తం మంట మీద వేయించి తీసి, ఐదు నిమిషాలాగి, మళ్ళీ బాగా కాగిన నూనెలో ఒక్క నిమిషం వెయ్యి. రెండోసారి వేయించకపోతే సాస్‌లో పడగానే మెత్తబడిపోతాయి, బండి వాడి రహస్యం కూడా ఇదే. ఒక ముక్క కోసి చూడు, మధ్యలో గులాబీ రంగు కనిపించకూడదు. తర్వాత కొంచెం నూనెలో సన్నగా తరిగిన వెల్లుల్లి, అల్లం, చీల్చిన పచ్చిమిర్చి, రేకలుగా విడదీసిన ఉల్లిపాయ, క్యాప్సికం, పెద్ద మంట మీద ఒక నిమిషమే, కరకరలాడుతూ ఉండాలి. సోయా ఒక పెద్ద స్పూను, రెడ్ చిల్లీ సాస్ ఒకటి, టమాటా కెచప్ ఒకటి, వెనిగర్ ఒక చిన్న స్పూను. ఉప్పు అప్పుడే వెయ్యకు, సోయా సాస్ నిండా ఉప్పే. ఒక చిన్న స్పూను కార్న్‌ఫ్లోర్ చల్లటి నీళ్ళలో కలిపి పోయాలి, వేడి నీళ్ళలో కలిపావంటే ఉండలు కట్టేస్తుంది. చిక్కబడ్డాక ముక్కలు వేసి రెండు తిప్పులు తిప్పి దించు, రుచి చూసి అప్పుడు ఉప్పు.

అజినోమోటో వెయ్యనా అని అడిగావు. వేస్తే వెయ్యి, చిటికెడు. 1908లో జపాన్‌లో ఇకెడా అనే ప్రొఫెసర్ సముద్రపు నాచులోంచి ఆ రుచి ఏంటో కనిపెట్టాడు, మన టమాటాలో కూడా ఉండేదే అది. మన దగ్గర దాని మీద ఉన్న భయం దాని తప్పుకంటే ఎక్కువ. కానీ సోయా సాసూ కెచప్పూ పడ్డాక పెద్ద అవసరం ఉండదు, నేనైతే వెయ్యను.

వీటన్నిటికంటే నాకు భయమేసేది నీ ఫ్రైడ్ రైసు. రాత్రి కుక్కర్లో వదిలేసిన అన్నంతో పొద్దున చేశా అన్నావు. అలా చెయ్యకు. ఫ్రైడ్ రైస్‌కి పాత అన్నమే బాగుంటుంది, పొడిపొడిగా వస్తుంది, నిజమే, కానీ బయట వదిలేసిన అన్నంలో ఒక రకం బాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తుంది, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు, వాంతులు విరేచనాలు. అన్నం వండగానే ప్లేట్లో పల్చగా పరిచి, గంటలోపు చల్లారబెట్టి ఫ్రిజ్‌లో పెట్టు, మర్నాటికల్లా వాడెయ్, మిగిలితే పారెయ్. ఇంట్లో చద్దన్నం తిని పెరిగాం ఏం కాలేదు అంటావేమో, అక్కడ నీకు జ్వరమొస్తే గ్లాసు నీళ్ళిచ్చేవాళ్ళు లేరు.

డబ్బులు ఈ నెల అకౌంట్లో వేశా, చూసుకో. మూకుడు ఈ ఆదివారమే కొను, కొన్నాక సబ్బుతో ఒకసారి తోమి, పొయ్యి మీద కాల్చి నూనె రాసి నల్లబడేదాకా రెండు మూడు సార్లు అలాగే చెయ్యి, మన ఇనప పెనానికి చేసినట్టే. ఆ నల్ల వెనిగర్ సీసా ఫోటో పంపు, ఇక్కడ హైదరాబాద్‌లో దొరుకుతుందేమో మీ బాబాయ్‌ని అడుగుతా.

ఉంటా,
నాన్న