మంగళగిరి దాటాక బస్సు బాగుచేసిన పెద్దాయనకు కృతజ్ఞతలు

శనివారం సాయంత్రం విజయవాడ నుంచి గుంటూరు వస్తుంటే మా పాత బస్సు మంగళగిరి దాటాక ఆగిపోయింది. అమ్మకు గుంటూరులో డాక్టర్ అపాయింట్‌మెంట్, నాకు ఒకటే టెన్షన్. వెనక సీట్లోంచి మీరు దిగి వచ్చి, "డీజిల్ లైన్లో గాలి పట్టింది బాబూ" అన్నారు. ఫిల్టర్ మీది స్క్రూ కాస్త వదులు చేశారు. డ్రైవర్‌గారు ఇంజిన్‌కున్న డీజిల్ చేతిపంపు కొడుతుంటే, నురగంతా పోయి తేట డీజిల్ వచ్చేదాకా వంగి చూస్తూనే ఉన్నారు. స్క్రూ బిగించాక ఇంజిన్ అందుకుంది. పాత ఇంజిన్లలో మంచి ఇదే, పని తెలిసినవాళ్లుంటే రోడ్డు పక్కనే బాగవుతాయి. చేతులు తుడుచుకోమని అమ్మ తువ్వాలు ఇస్తే, పాడవుతుందమ్మా అని వద్దన్నారు. పేరు అడిగేలోపే గుంటూరులో దిగిపోయారు. డాక్టర్‌గారు వెళ్లిపోకముందే అమ్మను చూపించగలిగాం. మా ఇంటిల్లిపాది తరఫున మీకు నమస్కారాలు అండీ.